ఇంటింటికీ వచ్చే గోళీ వెనక ఒక తెలుగు డాక్టర్: ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం

ఆశా కార్యకర్త తలుపు కొడుతుంది. ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసు ఎంత అని అడుగుతుంది. లెక్క ప్రకారం గోళీలు చేతిలో పెట్టి, తన ముందే మింగమంటుంది. బోదకాలు మాత్రల పంపిణీ జరిగిన ఏడాదల్లా పాత కరీంనగర్ జిల్లాలో ఇదే దృశ్యం. గోదావరిఖని, రామగుండం సింగరేణి కాలనీలకు కూడా ఇది కొత్త కాదు. చాలా ఇళ్లలో ఆ గోళీలు తీసుకుంటారు, తర్వాత వేసుకుంటామని చెప్తారు, అలమారాలో పెట్టి మర్చిపోతారు.

ఆ గోళీల్లో ఒకటి ఆల్బెండజోల్. కడుపులోని ఏలిక పాములు, కొంకి పురుగులు, నులిపురుగులకు అది మందు. ఇంకోటి డీఈసీ, పూర్తి పేరు డై ఇథైల్ కార్బమజిన్. బోదకాలు పుట్టించే ఫైలేరియా పురుగు పిల్లల్ని రక్తంలోనే చంపే మందు ఇది. ఈ రెండో గోళీని ప్రపంచానికి ఇచ్చిన పరిశోధన బృందానికి పెద్ద ఒక తెలుగు మనిషి. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. రామగుండం పక్క నుంచి పారే గోదావరే కిందికి వెళ్లి తడిపే డెల్టాలో పుట్టాడు. న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన మందు మింగినవాళ్లు కోట్లలో ఉంటారు, ఆయన పేరు తెలిసినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

మెట్రిక్‌లో రెండుసార్లు ఫెయిల్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందుగానే ఉద్యోగం వదిలేశారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. చిన్నప్పుడు సుబ్బారావుకు చదువు మీద పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ప్లాను. ఇంటివాళ్లు పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు ఫెయిలయ్యాడు. మద్రాస్‌లో హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. తండ్రి పోయిన తర్వాత కూడా కొడుకు చదువు ఆగకుండా చూసింది తల్లి వెంకమ్మ.

మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివాక ఆయనకు సన్యాసం తీసుకోవాలనిపించింది. రామకృష్ణ మిషన్‌కి వెళ్లాడు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయొచ్చని మిషన్ పెద్దలు కూడా నచ్చజెప్పారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చులో మామ కస్తూరి సూర్యనారాయణ మూర్తి సాయం చాలా ఉంది.

అది గాంధీజీ విదేశీ బట్టలు వదిలేయమని పిలుపిచ్చిన కాలం. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు గౌను వేసుకునే వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివర్లో ఎంబీబీఎస్ డిగ్రీ ఇవ్వలేదు. దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్య సేవలో మంచి ఉద్యోగం దొరకడం కష్టం. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే మద్రాస్ ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే పనిలో చేరాడు.

ఇల్లు ఖాళీ చేసిన కడుపు జబ్బు

ఆ ఏళ్లలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన దెబ్బ తగిలింది. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. అందులో పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు ఆగవు, నోరు పుండవుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు పట్టింది గానీ ఆయన బతికి బయటపడ్డాడు.

అప్పట్లో కడుపు జబ్బుల్లో దేనికి ఏది కారణమో తేల్చడమే పెద్ద పని. అమీబా, జియార్డియా, కొంకి పురుగు, స్ప్రూ వేరువేరు జబ్బులే. కానీ బయటికి కనిపించే లక్షణాలు కొంతవరకు ఒకటే: విరేచనాలు, నీరసం, పాలిపోయిన మొహం. మలాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. 1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మద్రాస్ ప్రెసిడెన్సీలో చేసిన పని అదే. గ్రామాల్లో, తోటల్లో పనిచేసేవాళ్ల మలం శాంపిళ్లు తీసుకుని కొంకి పురుగు గుడ్ల కోసం వెతికారు. మందిచ్చారు, మరుగుదొడ్లు కట్టుకోమని ప్రచారం చేశారు. పరీక్షించినవాళ్లలో ఎక్కువమంది కడుపులో పురుగు ఉన్నట్టు తేలింది.

ఇది కొత్తగా దొరికిన రోగం కాదు. పేగు పురుగుల్ని రకాలుగా విడదీసి ఇబ్నె సీనా వెయ్యేళ్ల కిందటే తన అల్ ఖానూన్ గ్రంథంలో రాశారు. కానీ గుడ్లను కళ్లతో చూసి, లెక్కపెట్టి, ఊరు ఊరంతా ఎంతమందికి ఉందో రాసుకోవడం ఆధునిక ప్రజారోగ్యం నేర్పిన పద్ధతి. ఆ పద్ధతి ఆయన కళ్ల ముందే మద్రాస్‌లో నడుస్తోంది. రాక్‌ఫెల్లర్ తరఫున వచ్చిన ఒక అమెరికన్ డాక్టర్ పరిచయం అయ్యాక, తానూ అమెరికా వెళ్లి ఉష్ణదేశపు జబ్బుల గురించి చదవాలన్న పట్టుదల సుబ్బారావులో పెరిగింది. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం, మామగారు కూడగట్టిన డబ్బు కలిపి ఓడ ఎక్కాడు. భార్యకు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. వాళ్లకు పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్యాభర్తలు మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.

రాత్రి ఆసుపత్రి పాచిపని, పగలు ల్యాబ్

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణదేశ వైద్య పాఠశాలలో సీటు దొరికింది, స్కాలర్‌షిప్ మాత్రం లేదు. భారతదేశపు ఎల్ఎంఎస్ పట్టాతో అక్కడ డాక్టర్‌గా పనిచేయడానికి వీల్లేదు. అందుకే పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశాడు. ఆ సంపాదనతోనే డిప్లొమా పూర్తి చేశాడు.

తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు చూసి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుతున్నారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే కరెన్సీ లాంటిది ఈ ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దాన్ని కనిపెట్టారు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పేరు రావాల్సినంత రాలేదు, హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగమూ రాలేదు. పైగా అప్పటి అమెరికా చట్టం ప్రకారం భారతీయులకు పౌరసత్వమే లేదు. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. తెరుచుకున్నాక కూడా ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

లెడర్లేలో ఎనిమిదేళ్లు, నాలుగు పెద్ద మందులు

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లేబొరేటరీస్‌లో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడ ఆయన ఒంటరిగా పనిచేయలేదు. కెమిస్టులు, డాక్టర్లు, సూక్ష్మజీవుల నిపుణులను కలిపి జట్లు కట్టారు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. 1945కల్లా ఆయన జట్టు దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ జబ్బులో, గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకు ఇది మందు. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకు ఆయన చేతి మీదుగానే జవాబు దొరికింది. రెండోది ఆరియోమైసిన్. ముసలి వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ లెడర్లేలో మట్టి శాంపిళ్ల నుంచి దాన్ని వెలికితీశారు. 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయోటిక్ అదే. ఉష్ణదేశపు స్ప్రూకి ఇవాళ్టికీ డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడ్, దానితోపాటు టెట్రాసైక్లిన్. రెండింటి మూలమూ ఆయన నడిపిన ల్యాబే.

మూడోది అమినోప్టెరిన్. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ కేన్సర్ వార్డుల్లో, కీళ్లవాతం క్లినిక్‌లలో రోజూ వాడే మందు.

నాలుగోది మన ఇళ్లకు వచ్చే డీఈసీ. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పటిదాకా ఆర్సెనిక్, యాంటిమొనీ కలిపిన విషపు ఇంజెక్షన్లు తప్ప దారి లేదు. లెడర్లే జట్టు ఫైలేరియా సోకిన పత్తి ఎలుకల మీద ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలు పరీక్షించింది. పిపరజిన్ కుటుంబంలోని ఒక రసాయనం పనిచేసింది. దాన్ని నోటితో మింగొచ్చు, ఖరీదూ తక్కువ. 1947లో ఫలితాలు ప్రచురించారు. ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. హెట్రజాన్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. పిల్లల కడుపులో ఏలిక పాములకు కూడా తర్వాతి ఏళ్లలో డాక్టర్లు దాన్ని వాడారు.

ఆ తర్వాత ఆయనకు ఎక్కువ కాలం మిగల్లేదు. 1948 ఆగస్టులో గుండెపోటుతో నిద్రలోనే పోయారు. వయసు 53. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 1995లో, ఆయన పుట్టి వందేళ్లయినప్పుడు, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

రాత్రి రక్తం ఎందుకు తీస్తారు

ఫైలేరియాను పట్టుకోవడం మామూలు రక్తపరీక్ష లాంటిది కాదు. పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే సర్వే సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇళ్లకు వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. ఇది దొంగచాటు వ్యవహారం కాదు, పురుగు టైం అది.

బొగ్గుగనుల జనం తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. మనిషి చాలా రోజులు వరుసగా పగలు నిద్రపోయి రాత్రి మెలకువగా ఉంటే పురుగు టైం కూడా తారుమారవుతుంది. ఈ సంగతి 1880లలోనే డాక్టర్లకు తెలిసింది. కాబట్టి ఎప్పుడూ నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఆ విషయం సర్వే సిబ్బందికి చెప్పడం మంచిది.

సుబ్బారావు జట్టు కనిపెట్టిన మందు ఇక్కడ పరీక్షకు కూడా పనికొచ్చింది. పగలే ఒక డీఈసీ గోళీ ఇస్తే దాక్కున్న పురుగు పిల్లలు రక్తంలోకి వస్తాయి. అరగంట నుంచి గంటలోపు రక్తం తీసి చూడొచ్చు. రాత్రి రక్తం తీయడం కుదరనిచోట ఇది ఉపయోగపడింది.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రోగం ఉన్నవాళ్లను వెతికి మందివ్వడం సరిపోదని తర్వాత అర్థమైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి డీఈసీ ఇవ్వడం మొదలుపెట్టారు. 2007 నుంచి ఆల్బెండజోల్ కూడా కలిపారు. డీఈసీ పిల్ల పురుగుల్ని బాగా చంపుతుంది, పెద్ద పురుగు మాత్రం ఒంట్లో ఏళ్లకేళ్లు బతుకుతుంది. అందుకే ఒక్కసారి వేసుకుంటే చాలదు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది వరుసగా ఐదేళ్లు మింగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ తర్వాత చిన్నపిల్లల రక్తం పరీక్షించి వ్యాప్తి ఆగిందో లేదో చూస్తారు. అలమారాలో ఉండిపోయిన గోళీ రిజిస్టర్‌లో మింగినట్టే పడుతుంది, పురుగు మాత్రం అలాగే ఉంటుంది. లెక్క తప్పితే కార్యక్రమమే తప్పుతుంది.

గనికి కొంకి పురుగుకి పాత బంధం

పేగు పురుగుల్లో గనికార్మికుల శత్రువు కొంకి పురుగు. 1880లో స్విట్జర్లాండ్‌లో సెయింట్ గోథార్డ్ సొరంగం తవ్విన కూలీలు రక్తం లేక పాలిపోతుంటే, వాళ్ల మలంలో కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ గనుల్లోనూ ఇదే కథ. వెచ్చదనం, తేమ, చీకటి, మరుగుదొడ్డి లేకపోవడం, ఒట్టి కాళ్లు: పురుగు పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి? అది పాదం చర్మంలోంచే లోపలికి పోతుందని కైరోలో ఆర్థర్ లూస్ 1898లో గమనించారు. లోపలికి వెళ్లాక పేగు గోడకు కొండిలా పట్టుకుని రక్తం తాగుతుంది.

గనిలో కార్మికుడికి బూటు ఉంటుంది. కానీ ఇంటి దగ్గర పొలంలో, పెంట పక్కన ఆడుకునే పిల్లల కాళ్లకు అది ఉండదు. అందుకే 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల దినం పెట్టి ఆల్బెండజోల్ ఇస్తున్నారు. బడికి పోని పిల్లలకూ ఇస్తారు. పురుగు తాగేసిన రక్తాన్ని తిరిగి నింపడానికి గర్భిణులకు ఎర్రటి గోళీ, బడి పిల్లలకు నీలి, గులాబీ గోళీలు ఇస్తున్నారు. వాటిలో ఇనుముతోపాటు ఉండేది ఫోలిక్ యాసిడే. అంటే ఒకే ఇంట్లోకి సుబ్బారావు పని రెండు దారుల్లో వస్తోంది.

కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సినవి

డీఈసీ డోసు వయసును బట్టి: రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు ఒక గోళీ, ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లకు రెండు, పదిహేనేళ్లు దాటినవాళ్లకు మూడు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచంలో ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. రంజాన్‌లో పంపిణీ వస్తే ఉపవాసం ఉన్నవాళ్లు ఆ మాట ఆశా కార్యకర్తకు చెప్పి, ఇఫ్తార్ తర్వాత తిని వేసుకోవచ్చు. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. చాలాసార్లు అది ఒంట్లో పురుగులు చస్తున్న గుర్తు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి.

కాలు వాచిపోయాక ఏ గోళీ కూడా దాన్ని పూర్తిగా మామూలు చేయలేదు. తెలంగాణ ప్రభుత్వం 2018 నుంచి బోదకాలు బాధితులకు పింఛను ఇస్తోంది. పింఛను వస్తుంది గానీ కాలు రాదు. వాచిన కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తులో పెట్టుకుంటే నొప్పి జ్వరాలు తగ్గుతాయి. ఐదుపూటలా వుజూ చేసే ఇళ్లలో కాళ్లు కడగడం ఎలాగూ ఉంది. వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకోవడం ఒక్కటి కలిపితే చాలు.

పిల్లలకు తరచూ కడుపునొప్పి, పాలిపోయిన మొహం, మట్టి తినే అలవాటు ఉంటే మెడికల్ షాపులో గోళీ కొని ఊరుకోకుండా మలపరీక్ష చేయించాలి. శుభ్రమైన డబ్బీలో, మూత్రం, నీళ్లు కలవకుండా, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కి ఇవ్వాలి. పాతబడిన శాంపిల్‌లో గుడ్లు సరిగా కనిపించవు.

సుబ్బారావు పరాయి దేశంలో మలపు పాత్రలు కడిగి చదువుకున్నాడు, కడుపు జబ్బుకు సొంత అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు, చివరికి ఇల్లు చేరకుండానే పోయాడు. ఆయన మందు మాత్రం గోదావరి ఎగువన, దిగువన ప్రతి గుమ్మానికీ పైసా ఖర్చు లేకుండా వస్తోంది. ఆశా కార్యకర్త నిలబడి ఉండగానే, తిన్న కడుపుతో, గ్లాసు నీళ్లతో దాన్ని మింగేస్తే సరిపోతుంది.